రూస్టర్ టీత్: గేముల నుంచి పుట్టిన వినోద సంస్థ

రూస్టర్ టీత్ అమెరికాలోని టెక్సాస్ రాష్ట్ర రాజధాని ఆస్టిన్ కేంద్రంగా 2003 నుంచి 2024 వరకు నడిచిన ఇంటర్నెట్ వినోద సంస్థ. వీడియో గేము లోపలే చిత్రీకరించిన ‘రెడ్ వర్సెస్ బ్లూ’ అనే హాస్య ధారావాహికతో ఇది మొదలైంది. ఆ తర్వాత గేములు ఆడుతూ కబుర్లు చెప్పే వీడియోలు, యానిమేషన్, పాడ్‌కాస్టులు, సినిమాలు, అభిమానుల సమ్మేళనాల దాకా విస్తరించింది. యూట్యూబ్ పుట్టడానికి రెండేళ్ల ముందే సొంత కార్యక్రమాలను ఇంటర్నెట్‌లో విడుదల చేసి, ప్రేక్షకులిచ్చే చందాలతో నిలదొక్కుకున్న తొలితరం సంస్థల్లో ఇది ఒకటి. దీని గేమింగ్ విభాగం ‘అచీవ్‌మెంట్ హంటర్’ 2008 నుంచి 2023 వరకు పనిచేసి, ఈనాడు ప్రపంచమంతటా కనిపించే బృంద గేమింగ్ వీడియోల తీరుకు రూపమిచ్చినవారిలో ముందు వరుసలో నిలిచింది.

ఈ సంస్థ చరిత్ర రెండు భాగాలుగా కనిపిస్తుంది. మొదటి పదకొండేళ్లు కార్యక్రమాలు తయారుచేసేవారే దానికి యజమానులు. 2014 నుంచి మూసివేత దాకా అది పెద్ద సంస్థల ఆస్తుల్లో ఒకటి. ఎదుగుదలకు కారణమైన బలాలేవో, పతనానికి దారితీసిన బలహీనతలేవో ఈ విభజన వెంట చూస్తే స్పష్టంగా తెలుస్తాయి.

నేపథ్యం

గేమునే సెట్టుగా, అందులోని బొమ్మలనే నటులుగా వాడుకుని కథ చెప్పే ప్రక్రియను మషినిమా అంటారు. 1996లో ‘క్వేక్’ గేములో ఒక ఆటగాళ్ల బృందం తీసిన ‘డైరీ ఆఫ్ ఎ క్యాంపర్’కు ఈ ప్రక్రియలో తొలి కథాచిత్రంగా పేరుంది. యానిమేషన్ స్టూడియో గానీ, చేతితో బొమ్మలు గీసే చిత్రకారులు గానీ అక్కర్లేకపోవడం దీని ఆకర్షణ. గేము, కంప్యూటరు, నలుగురు మిత్రులు ఉంటే చాలు. అయితే కాలం గడిచినా ఇది ఎక్కువగా ఆటగాళ్ల లోకానికే పరిమితమైంది. ఆ గేము ముఖం కూడా చూడనివారిని కూర్చోబెట్టి నవ్వించగల కథ దీనికి కావలసి వచ్చింది.

2001 నవంబరులో మైక్రోసాఫ్ట్ తన తొలి ఎక్స్‌బాక్స్‌ను విడుదల చేసింది. దానితోపాటు బంజీ స్టూడియో తయారుచేసిన ‘హేలో: కంబాట్ ఇవాల్వ్‌డ్’ వచ్చింది. నాలుగు ఎక్స్‌బాక్సులను తీగలతో కలిపితే 16 మంది ఒకేసారి ఆడే వీలు అందులో ఉండేది. మిత్రులు ఒకే గదిలో చేరి గంటల తరబడి ఆడుకునే అలవాటుకు ఈ గేము ఊతమిచ్చింది. రూస్టర్ టీత్ అలాంటి ఒక గదిలోంచే వచ్చింది.

స్థాపన

బర్నీ బర్న్స్, మాట్ హల్లమ్, జోయెల్ హేమన్ ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల నుంచి మిత్రులు. ముగ్గురూ కలిసి ‘ది షెడ్యూల్’ అనే చిన్న స్వతంత్ర చిత్రానికి పనిచేశారు. జెఫ్ రామ్‌సీ, గస్ సొరోలా, జేసన్ సల్డాన్యాలతో బర్న్స్‌కు పరిచయం కంప్యూటర్ సాంకేతిక సహాయం అందించే ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఏర్పడింది. రామ్‌సీ, సొరోలాలు గేములను సరదాగా సమీక్షిస్తూ రాసేవారు. వారికోసం బర్న్స్ హేలో ఆటను రికార్డు చేసి, దానిమీద హాస్య వ్యాఖ్యానం చెప్పి చిన్న వీడియోలు చేశాడు. ఆ వ్యాఖ్యానం నుంచే, బొమ్మల చేత మాట్లాడించి ఒక కథ నడిపితే ఎలా ఉంటుందన్న ఆలోచన పుట్టింది.

‘రెడ్ వర్సెస్ బ్లూ’ తొలి ఎపిసోడ్ 2003 ఏప్రిల్ 1న విడుదలైంది. ఆరు నుంచి ఎనిమిది ఎపిసోడ్లతో ముగించాలన్నది మొదటి ఉద్దేశం. ఆదరణ అంచనాలను దాటిపోవడంతో కథను పొడిగించారు. బ్లడ్ గల్చ్ అనే లోయ నేపథ్యంగా సాగిన మొదటి కథ అయిదు సీజన్లు, 100 ఎపిసోడ్లు నడిచి 2007లో ముగిసింది. ఆ తర్వాత కొత్త కథలతో కొనసాగి, 2024 నాటికి ఈ ధారావాహిక 19 సీజన్లు పూర్తి చేసుకుంది.

రెడ్ వర్సెస్ బ్లూ

చుట్టూ కొండలున్న ఒక ఖాళీ లోయ. దానికి ఒక చివర ఎర్ర దళం స్థావరం, మరో చివర నీలి దళం స్థావరం. ఆ లోయకు ఏ ప్రాముఖ్యమూ లేదు. అవతలి దళం అక్కడ ఉంది కాబట్టి ఇవతలి దళం కూడా ఉంది. మొదటి సన్నివేశంలోనే ఇద్దరు సైనికులు తాము ఇక్కడ ఎందుకున్నామన్న ప్రశ్న వేసుకుంటారు. ఒకరు దాన్ని జీవితానికి అన్వయించి తత్వంలోకి వెళ్తే, రెండోవాడు ఈ లోయలో ఎందుకున్నామనే తాను అడిగానంటాడు. అర్థంలేని యుద్ధం, తలతిక్క అధికారులు, పని తప్పించుకునే సిపాయిలు, ఎడతెగని వాదనలు. ఈ హాస్యాన్ని ఆస్వాదించడానికి హేలో ఆడి ఉండనక్కర్లేదు. ఆఫీసులో పనిచేసిన అనుభవం ఉన్నవారెవరికైనా ఆ పాత్రలు పరిచయస్తుల్లాగే అనిపిస్తాయి. ధారావాహిక గేమర్ల పరిధి దాటి వెళ్లడానికి ఇదే ముఖ్య కారణం.

స్థాపకులే పాత్రలకు గొంతులిచ్చారు. చర్చ్‌కు బర్న్స్, టకర్‌కు సల్డాన్యా, కబూస్‌కు హేమన్, సార్జ్‌కు హల్లమ్, సిమన్స్‌కు సొరోలా, గ్రిఫ్‌కు రామ్‌సీ మాట్లాడారు. వీరిలో చాలామందికి అప్పటికి నటనలో అనుభవం లేదు. ఆ మాటల్లోని సహజత్వం, ఒకరిని ఒకరు ఏడిపించుకునే చనువు వారి నిజ జీవిత స్నేహంలోంచి వచ్చినవే. తర్వాతి కాలంలో హాలీవుడ్ నటుడు ఎలైజా వుడ్ కూడా ఒక పాత్రకు గొంతిచ్చాడు.

చిత్రీకరణ పద్ధతి

ముందుగా సంభాషణలు రికార్డు చేసేవారు. ఆ తర్వాత కొన్ని ఎక్స్‌బాక్సులను కలిపి అందరూ ఒకే మైదానంలోకి వెళ్లేవారు. ఒక ఆటగాడి కళ్లే కెమెరా. అతడు చూసే దృశ్యమే తెరమీద రికార్డయ్యేది. అతడి చేతిలోని తుపాకి, తెర అంచుల్లో కనిపించే గుర్తులు ప్రేక్షకుడి కంటపడకుండా పైనా కిందా నల్లటి పట్టీలు వేసేవారు. మిగతా ఆటగాళ్లు తమ పాత్రలను నడిపించేవారు. శిరస్త్రాణాల వెనక ముఖాలు కనిపించవు కాబట్టి, మాట్లాడుతున్నది ఎవరో తెలియడానికి ఆ పాత్ర తల కాస్త పైకీ కిందికీ ఊపేవారు.

పెద్ద చిక్కు తుపాకులతో వచ్చింది. హేలోలో సైనికుడు ఎప్పుడూ తుపాకి ఎక్కుపెట్టే ఉంటాడు. ఇద్దరు మిత్రులు ఆ భంగిమలో నిలబడి కబుర్లాడుకుంటే చూడటానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. పిస్టల్ పట్టుకున్న ఆటగాడు నేలకేసి చూస్తే, ఎదుటివారికి మాత్రం ఆ బొమ్మ తుపాకి దించి తల నిటారుగా పెట్టి చూస్తున్నట్టు కనిపిస్తుందని బృందం గమనించింది. గేములో దొర్లిన ఆ లోపమే వారికి నటనా సాధనమైంది. 2004లో వచ్చిన ‘హేలో 2’లో బంజీ ఆ లోపాన్ని సరిదిద్దింది. దానికి బదులుగా తుపాకి దించే సదుపాయాన్ని ప్రత్యేకంగా చేర్చింది. ఒక అభిమాన బృందం తీసే ధారావాహిక కోసం గేము తయారీదారులే గేములో మార్పు చేయడం ఆ రోజుల్లో అరుదైన గౌరవం.

అనుమతి, హక్కులు

హేలో బొమ్మలు, మైదానాలు, ఆయుధాలు అన్నీ మైక్రోసాఫ్ట్ సొత్తు. ఆ కంపెనీ అభ్యంతరం చెప్పి ఉంటే ధారావాహిక అక్కడితో ఆగిపోయేది. బంజీ, మైక్రోసాఫ్ట్ మాత్రం ఈ బృందాన్ని సంప్రదించి, లైసెన్సు రుసుము లేకుండానే కొనసాగించుకోనిచ్చాయి. గేముకు ఇది ఖర్చులేని ప్రచారమని అవి గుర్తించాయి. 2007లో మైక్రోసాఫ్ట్ తన గేములతో అభిమానులు వీడియోలు తీసుకునేందుకు నియమావళి ప్రకటించింది. ఇతరుల గేముమీద నిర్మించే వినోదం ఎంత గొప్పదైనా అద్దింట్లో కాపురమే అన్న వాస్తవం మొదటి రోజు నుంచీ రూస్టర్ టీత్‌కు తెలుసు. తర్వాతి సంవత్సరాల్లో సొంత పాత్రలు, సొంత కథల వైపు అది అడుగులేయడానికి ఈ ఎరుక కూడా కారణమే.

ఆదాయ మార్గాలు

2003లో ఇంటర్నెట్‌లో వీడియో పెట్టడం ఖర్చుతో కూడిన పని. వీడియోలను ఉచితంగా ఉంచుకునే వేదికలు దాదాపు లేవు. ఎక్కువమంది డౌన్‌లోడ్ చేసుకున్నకొద్దీ సర్వర్ల బిల్లు పెరిగేది. ప్రజాదరణే సంస్థను ముంచే ప్రమాదం ఉండేది. రూస్టర్ టీత్ ఈ సమస్యకు ప్రేక్షకులనే పరిష్కారంగా ఎంచుకుంది. ఎపిసోడ్లు అందరికీ ఉచితం. చందా కట్టినవారికి మాత్రం కొంత ముందుగా, మెరుగైన నాణ్యతతో అందేవి. సీజన్ ముగిశాక డీవీడీలు, టీషర్టులు అమ్మేవారు.

సృష్టికర్తలకు అభిమానులు నెలనెలా డబ్బు పంపే పేట్రియాన్ వేదిక 2013లో గానీ రాలేదు. దానికి దశాబ్దం ముందే అదే సూత్రంమీద ఒక సంస్థ నిలబడి, ఉద్యోగులకు జీతాలివ్వడం గమనించదగినది. ఈ సభ్యత్వానికి 2016లో ‘ఫస్ట్’ అని పేరు పెట్టారు. మధ్యవర్తి లేని ఈ సంబంధమే సంస్థ తొలి దశకు ఆర్థిక పునాది.

ఇతర కార్యక్రమాలు

2004లో ‘ది సిమ్స్ 2’ గేములో ‘ది స్ట్రేంజర్‌హుడ్’ అనే ధారావాహిక మొదలుపెట్టారు. 2008 చివర పాడ్‌కాస్టు వచ్చింది. స్థాపకులు బల్ల చుట్టూ కూర్చుని ఆఫీసు సంగతులు, కొత్త గేములు, చిన్ననాటి ముచ్చట్లు మాట్లాడుకునే ఈ కార్యక్రమం సంస్థ స్వభావాన్నే మార్చింది. అప్పటిదాకా పాత్రలకు ఉన్న అభిమానం క్రమంగా మనుషులవైపు మళ్లింది. ‘ఇమ్మర్షన్’ కార్యక్రమంలో గేముల్లో జరిగే పనులు నిజ జీవితంలో సాధ్యమా కాదా అని తమ ఉద్యోగుల మీదే పరీక్షించేవారు. నటులతో తీసిన చిన్న హాస్యచిత్రాల్లో కూడా ఉద్యోగులే పాత్రధారులు.

అచీవ్‌మెంట్ హంటర్

2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360లో ప్రతి గేముకూ కొన్ని విజయ లక్ష్యాలు పెట్టి, వాటిని సాధిస్తే పాయింట్లు ఇచ్చే ఏర్పాటు ఉంది. వాటికి అచీవ్‌మెంట్లని పేరు. ఆ లక్ష్యాలను ఎలా సాధించాలో చూపించే వీడియోల కోసం జెఫ్ రామ్‌సీ, జాక్ పటిల్లో కలిసి 2008 జులైలో ఈ విభాగాన్ని ప్రారంభించారు. మొదట అవి పూర్తిగా మార్గదర్శక వీడియోలే. ఏ తలుపు తెరవాలి, ఎక్కడ ఎగరాలి, ఏ వస్తువు ఎక్కడ దాగుంది వంటి వివరాలే వాటి సారం. చూసేవారు మాత్రం చిట్కాలకన్నా చెప్పేవారి హాస్యానికి ఎక్కువగా ఆకర్షితులయ్యారు.

మైఖేల్ జోన్స్ కష్టమైన గేముల మీద కోపంతో ఊగిపోతూ చేసిన ‘రేజ్ క్విట్’ పెద్ద ఆదరణ పొందింది. ఇంగ్లండుకు చెందిన గావిన్ ఫ్రీ, న్యూయార్క్ నుంచి వచ్చిన రే నార్వాయెజ్ జూనియర్ వంటివారు చేరడంతో బృందం నిండుగా తయారైంది. గావిన్ ఫ్రీ తన మిత్రుడు డాన్ గ్రూచీతో కలిసి నడిపే ‘ది స్లో మో గైస్’ అత్యంత వేగపు కెమెరాలతో తీసే వీడియోలకు ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

2012లో మైన్‌క్రాఫ్ట్ గేము ఎక్స్‌బాక్స్‌కు వచ్చింది. అందులో బృందం తమకంటూ ‘అచీవ్‌మెంట్ సిటీ’ అనే ఊరు కట్టుకుంది. ఒక్కొక్కరికి ఒక్కో ఇల్లు, గెలిచినవాడికి దక్కే బంగారు దిమ్మెల స్తంభం, ప్రతివారం కొత్త పోటీ. గేములో ఉన్న నియమాలు చాలక వీరే కొత్త ఆటలు కల్పించుకునేవారు. ఒకరి ఇంటిని ఇంకొకరు కూలగొట్టడం, దానికి ప్రతీకారం, పాత గొడవలను నెలల తర్వాత మళ్లీ తవ్వుకోవడం వల్ల ఆ వీడియోలు ధారావాహికల్లా సాగాయి. 2013లో వచ్చిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5’లో వీరు నకిలీ దోపిడీ ముఠాగా ఆడిన వీడియోలకు అభిమానులు కథలు రాశారు, బొమ్మలు గీశారు.

ఈ వీడియోల వెనక ఎడిటర్ల పని చాలా ఉండేది. ప్రతి ఆటగాడి తెరనూ, గొంతునూ విడివిడిగా రికార్డు చేసి, ఎవరి కంట ఏది పడిందో ఎంచి, నవ్వు పుట్టిన క్షణానికి సరైన తెరకు మార్చేవారు. ఆరుగురు ఒకేసారి అరుస్తున్నా ప్రేక్షకుడు దారి తప్పకపోవడం ఆ కూర్పు గొప్పతనం. నేడు గేమింగ్ బృందాలు తీసే వీడియోల్లో మామూలుగా కనిపించే ఈ వ్యాకరణం స్థిరపడటంలో అచీవ్‌మెంట్ హంటర్ పాత్ర పెద్దది.

రూబీ, మాంటీ ఓమ్

హేలో, డెడ్ ఆర్ అలైవ్ వంటి గేముల పాత్రలతో పోరాట దృశ్యాలు సొంతంగా యానిమేట్ చేసి పేరు తెచ్చుకున్న మాంటీ ఓమ్ 2010లో రూస్టర్ టీత్‌లో చేరాడు. అతడి రాకతో ‘రెడ్ వర్సెస్ బ్లూ’ గేము హద్దులు దాటి పూర్తిస్థాయి యానిమేషన్ పోరాటాలను చూపగలిగింది. 2013 జులై 18న అతడు సృష్టించిన ‘రూబీ’ మొదలైంది. రాక్షసులతో తలపడే శిక్షణ పొందుతున్న నలుగురు అమ్మాయిల కథ ఇది. జపాన్ యానిమే ప్రభావంతో అమెరికాలో తయారైన ఈ ధారావాహిక జపాను భాషలో డబ్బింగ్ అయి ఆ దేశంలోనూ విడుదలైంది. 2022లో జపాన్‌కు చెందిన షాఫ్ట్ స్టూడియో దీని ఆధారంగా వేరే ధారావాహిక నిర్మించింది.

మాంటీ ఓమ్ 2015 ఫిబ్రవరి 1న, 33 ఏళ్ల వయసులో మరణించాడు. ఒక వైద్య చికిత్స సమయంలో వచ్చిన తీవ్ర అలర్జీ దీనికి కారణం. కథను అతడితో కలిసి అల్లిన మైల్స్ లూనా, కెర్రీ షాక్రాస్ తదితరులు ధారావాహికను కొనసాగించి, మొత్తం తొమ్మిది సంపుటాలు పూర్తిచేశారు. అతడి శ్రమశీలత, స్వయంగా నేర్చుకుని ఎదిగిన తీరు యానిమేషన్‌లోకి రావాలనుకున్న ఎందరో యువకులకు స్ఫూర్తినిచ్చాయి.

అభిమాన సమాజం

2011లో ఆస్టిన్‌లో ‘ఆర్‌టీఎక్స్’ పేరుతో అభిమానుల సమ్మేళనం మొదలైంది. మొదటి ఏడాది వచ్చినది కొన్ని వందల మంది. కొన్నేళ్లలోనే అది వేలు, పదివేలు దాటింది. 2016లో సిడ్నీ, 2017లో లండన్ నగరాల్లో కూడా నిర్వహించారు. అభిమానులు స్వచ్ఛంద సేవకులుగా సమ్మేళనాన్ని నడిపేవారు. వారిలో కొందరు తర్వాత సంస్థలో ఉద్యోగులయ్యారు. పిల్లల ఆస్పత్రుల కోసం విరాళాలు సేకరించే ‘ఎక్స్‌ట్రా లైఫ్’ కార్యక్రమంలో భాగంగా ఏటా 24 గంటలపాటు ప్రత్యక్ష ప్రసారం చేసి, ఆస్టిన్‌లోని డెల్ చిల్డ్రన్స్ ఆస్పత్రికి పెద్దయెత్తున నిధులు సమకూర్చారు.

ఈ సమాజం బలం 2014లో ‘లేజర్ టీమ్’ సినిమాతో లోకానికి తెలిసింది. విరాళాలు సేకరించే ఇండీగోగో వేదికలో 6,50,000 డాలర్లు అడిగితే అభిమానులు 24 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. మాట్ హల్లమ్ దర్శకత్వం వహించిన ఆ విజ్ఞానకల్పనా హాస్యచిత్రం 2016 జనవరిలో థియేటర్లకు వచ్చింది.

యాజమాన్య మార్పులు

2014 నవంబరులో లాస్ ఏంజెలెస్‌కు చెందిన ఫుల్‌స్క్రీన్ సంస్థ రూస్టర్ టీత్‌ను కొనుగోలు చేసింది. ఫుల్‌స్క్రీన్ అప్పటికే ఏటీ అండ్ టీ, చెర్నిన్ గ్రూప్ కలిసి పెట్టిన ఆటర్ మీడియా చేతిలో ఉంది. పెద్ద స్టూడియోలు, పెద్ద బడ్జెట్లు, కొత్త ఉద్యోగులు సమకూరతాయన్నది అమ్మకానికి చెప్పిన కారణం. మొదట్లో అది నిజమైంది కూడా. ఆస్టిన్ పాత విమానాశ్రయ స్థలంలోని సినిమా స్టూడియోలో సంస్థ విస్తరించింది. 2015లో, ఆ ప్రక్రియ పేరే పెట్టుకున్న మషినిమా సంస్థ నుంచి వచ్చిన బృందం లాస్ ఏంజెలెస్‌లో ‘ఫన్‌హౌస్’ను స్థాపించింది. ‘స్క్రూఅటాక్’ బృందం, దాని ‘డెత్ బ్యాటిల్’ కార్యక్రమం, ‘కౌ చాప్’ వంటివి తోడయ్యాయి. 2019లో మైఖేల్ బి. జోర్డన్ గొంతుతో ‘జెన్ లాక్’ యానిమేషన్ వచ్చింది.

ఆ తర్వాత యజమానులు వరసగా మారారు. 2018లో ఏటీ అండ్ టీ ఆటర్ మీడియాను పూర్తిగా సొంతం చేసుకుంది. అదే ఏడాది టైమ్ వార్నర్ కూడా ఏటీ అండ్ టీ వశమై వార్నర్‌మీడియాగా మారడంతో, రూస్టర్ టీత్ ఆ గొడుగు కిందికి చేరింది. 2022 ఏప్రిల్‌లో వార్నర్‌మీడియా, డిస్కవరీ విలీనమై వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ ఏర్పడింది. అప్పుల భారంతో పుట్టిన ఆ కొత్త కంపెనీ మొదటి రోజు నుంచే ఖర్చులు తగ్గించే పనిలో పడింది. ఎనిమిదేళ్లలో ఇన్ని చేతులు మారిన సంస్థకు, తన ప్రత్యేకత తెలిసిన యజమాని ఒక్కరూ మిగల్లేదు.

ఇదే కుదుపుల్లో మషినిమా సంస్థ ముందుగా మునిగింది. గేమింగ్ వీడియోల రంగంలో ఒకప్పుడు అగ్రస్థానంలో ఉన్న ఆ సంస్థను 2016లో వార్నర్ బ్రదర్స్ కొన్నది. తర్వాత అది ఆటర్ మీడియాకు బదిలీ అయింది. 2019 జనవరిలో దాని ఛానల్లోని వేలాది వీడియోలు ఒక్కసారిగా కనబడకుండా పోయాయి. మరుసటి నెలలో సంస్థ మూతపడి 81 మంది ఉద్యోగాలు కోల్పోయారు. ఆ వీడియోలు తీసినవారిలో చాలామందికి తమ పని తమ దగ్గర కూడా లేకుండా పోయింది. రూస్టర్ టీత్‌లో ఉన్నవారికి అది ముందస్తు హెచ్చరిక.

సంక్షోభాలు

2019 సెప్టెంబరులో రూస్టర్ టీత్ 13 శాతం సిబ్బందిని, అంటే దాదాపు 50 మందిని తొలగించింది. అదే ఏడాది యానిమేషన్ విభాగంలో అదనపు గంటల పని, దానికి తగిన వేతనం లేకపోవడం గురించి ఉద్యోగుల ఫిర్యాదులు బయటికి రావడంతో విభాగాధిపతి పదవి నుంచి తప్పుకున్నాడు. సృజనాత్మక బాధ్యతలను ముందుండి నడిపిన బర్నీ బర్న్స్ 2020 జూన్‌లో సంస్థను వీడాడు. కోవిడ్ వల్ల ఆర్‌టీఎక్స్ సమ్మేళనాలు ఆగిపోయాయి. ఒకే గదిలో చేరి ఆడే బృందాలు ఎవరి ఇంట్లో వారు కూర్చుని ఆడాల్సి వచ్చింది.

2020 అక్టోబరులో అచీవ్‌మెంట్ హంటర్ ముఖ్య సభ్యుడొకరు అభిమానుల పట్ల అనుచితంగా ప్రవర్తించాడన్న ఆరోపణలు వచ్చాయి. సంస్థ అతడితో సంబంధం తెంచుకుంది. 2022 అక్టోబరులో ఒక మాజీ ఉద్యోగి తాను ఏళ్ల తరబడి ఎదుర్కొన్న వేధింపుల గురించి, చేసిన పనికి తగిన వేతనం అందకపోవడం గురించి బహిరంగంగా రాసింది. ఇంకా పలువురు తమ అనుభవాలు చెప్పారు. సంస్థ క్షమాపణ కోరింది. ఈ ఘటనల దెబ్బ సాధారణ కంపెనీకి తగిలే దెబ్బకన్నా లోతైనది. రూస్టర్ టీత్ అమ్మినది స్నేహితుల సాంగత్యాన్ని. ఆ సాంగత్యంలోనే కొందరు నలిగిపోయారని తెలిశాక, పాత వీడియోలు చూసి మునుపటిలా నవ్వడం అనేకమంది అభిమానులకు సాధ్యం కాలేదు.

ప్రేక్షకుల అలవాట్లు కూడా మారాయి. ఎడిట్ చేసిన వీడియోల స్థానాన్ని ప్రత్యక్ష ప్రసారాలు ఆక్రమించాయి. రే నార్వాయెజ్ 2015 ఏప్రిల్‌లోనే ప్రత్యక్ష ప్రసారాల వేదిక ట్విచ్‌లో సొంతంగా ప్రసారం చేసుకోవడానికి వెళ్లిపోయాడు. పెద్ద సంస్థ అండ లేకుండా ఒక్క మనిషి ఇంటి నుంచే బతకగలడని తేలింది. స్టూడియో అద్దె, వందమందికి పైగా జీతాలు మోసే సంస్థకు అలాంటి వ్యక్తులతో పోటీ పడటం కష్టమైంది. యూట్యూబ్ ప్రకటనల ఆదాయం ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో సంస్థ చేతిలో లేదు. ‘ఫస్ట్’ సభ్యత్వం ఉచ్చస్థితిలో 2,25,000 దాకా వెళ్లి, చివరికి 60,000 దగ్గరికి పడిపోయిందని వార్తా కథనాలు పేర్కొన్నాయి.

ముగింపు దశ

2023లో అచీవ్‌మెంట్ హంటర్‌ను ముగిస్తున్నట్టు ప్రకటించి, ఆ స్థానంలో ‘డాగ్‌బార్క్’ అనే కొత్త బృందాన్ని మొదలుపెట్టారు. పాత పేరు బరువు లేకుండా కొత్తగా నిలబడాలన్న ఆ ప్రయత్నానికి కాలం దొరకలేదు. 2024 మార్చి 6న జనరల్ మేనేజర్ జోర్డన్ లెవిన్ రూస్టర్ టీత్‌ను మూసివేస్తున్నట్టు ఉద్యోగులకు తెలియజేశాడు. ప్రేక్షకుల అలవాట్లలోనూ, ప్రకటనలు, చందాల ఆదాయంలోనూ వచ్చిన మౌలిక మార్పులను కారణాలుగా చూపాడు. సుమారు 150 మంది పూర్తికాల ఉద్యోగులు, వారితోపాటు పదుల సంఖ్యలో కాంట్రాక్టు పనివారు ఉపాధి కోల్పోయారు.

మూసివేత ప్రకటనకూ అసలు మూతకూ మధ్య రెండు నెలలు దొరికాయి. బర్న్స్ రచనతో, హల్లమ్ దర్శకత్వంతో పూర్తయిన ‘రెడ్ వర్సెస్ బ్లూ: రెస్టొరేషన్’ 2024 మే 7న విడుదలై ధారావాహికకు ముగింపు పలికింది. మే 15న సంస్థ సొంత వేదిక ఆగిపోయింది. అంతకుముందే అభిమానులు చేతులు కలిపి రెండు దశాబ్దాల వీడియోలను భద్రపరిచే పనికి పూనుకున్నారు. మషినిమా విషయంలో జరిగిన నష్టం మళ్లీ జరగకూడదన్న పట్టుదల ఆ పనిలో కనిపించింది.

హక్కుల పంపకం, కొత్త జీవితం

మూసివేత తర్వాత కార్యక్రమాలు తలోదారి పట్టాయి. ‘రూబీ’ని జపాన్ మాంగా, యానిమేల ప్రచురణలో పేరున్న విజ్ మీడియా కొనుక్కుంది. ‘డెత్ బ్యాటిల్’ బృందం అభిమానుల విరాళాలతో స్వతంత్ర కార్యక్రమంగా మారింది. జెఫ్ రామ్‌సీ, గావిన్ ఫ్రీ తమ పాడ్‌కాస్టును ‘రెగ్యులేషన్’ పేరుతో స్వతంత్రంగా కొనసాగించారు.

2025 ఫిబ్రవరిలో బర్నీ బర్న్స్ సంస్థ బాక్స్ కాన్యన్ ప్రొడక్షన్స్ రూస్టర్ టీత్ పేరును, ‘రెడ్ వర్సెస్ బ్లూ’ సహా కొన్ని కార్యక్రమాల హక్కులను వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ నుంచి కొనుగోలు చేసింది. అమ్మిన పదేళ్ల తర్వాత, తొలి సృష్టి తిరిగి సృష్టికర్త చేతికి వచ్చింది. ఒకనాటి పెద్ద స్టూడియో, వందల ఉద్యోగాలు దానితో తిరిగి రాలేదు. పేరు, పాత వీడియోల నిధి, చిన్న బృందంతో కొత్త ప్రయత్నం మాత్రమే మిగిలాయి.

అంచనా

ఇంటర్నెట్ వినోద చరిత్రలో రూస్టర్ టీత్ స్థానం మూడు విషయాలతో స్థిరపడింది. మషినిమాను ఆటగాళ్ల సరదా స్థాయి నుంచి న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో ప్రదర్శించే కళారూపం దాకా తీసుకెళ్లింది. టీవీ, సినిమా కంపెనీల గుమ్మం తొక్కకుండా ప్రేక్షకుల చందాలతో వినోద సంస్థ నడపవచ్చని అందరికన్నా ముందుగా నిరూపించినవారిలో ఒకటిగా నిలిచింది. గేమింగ్ వీడియోలో ఆటకన్నా ఆడే మనుషుల మధ్య సంబంధమే అసలు సరుకని అచీవ్‌మెంట్ హంటర్ చూపించింది.

ఆ సరుకు స్వభావమే దాని పరిమితి కూడా. స్నేహాన్ని ప్రేక్షకుల ముందు పెట్టి బతికే సంస్థ, ఆ స్నేహం లోపల అందరికీ సమానంగా గౌరవం, వేతనం దక్కేలా చూసుకోవాలి. రూస్టర్ టీత్ ఎదిగినంత వేగంగా ఆ ఏర్పాట్లు ఎదగలేదు. ఆరుగురు మిత్రుల గదిలో చెల్లిన అలవాట్లు వందలమంది పనిచేసే చోట హాని చేశాయి. పతనానికి మార్కెట్ ఎంత కారణమో ఇది కూడా అంతే కారణం.

ఆర్థికంగా చూస్తే, సంస్థను నిలబెట్టినది చందాదారులతో నేరుగా ఉన్న బంధం. అమ్మకం తర్వాత పెరిగిన ఖర్చులను ఆ చందాలు మోయలేకపోయాయి. యజమానుల దృష్టిలో అది లెక్కల పుస్తకంలో ఒక పద్దుగా మిగిలింది. పద్దు నష్టం చూపిన రోజు మూసివేత తప్పలేదు. సంస్థ పోయాక కూడా బతికి బట్టకట్టినవాటిలో ఎక్కువ, తయారుచేసేవారు గానీ ఆ పనిని ప్రేమించే కొనుగోలుదారు గానీ హక్కులు చేజిక్కించుకున్నవే. గేమింగ్ ఛానళ్లు ప్రారంభించే యువతకు రూస్టర్ టీత్ చరిత్ర ఇచ్చే గట్టి పాఠం ఇదే: ప్రేక్షకుల అభిమానాన్ని సంపాదించడం ఎంత ముఖ్యమో, తమ పనిమీద హక్కును తమ దగ్గరే ఉంచుకోవడం అంతే ముఖ్యం.